మూడొందల టన్నులు మోసే షెల్ రెండు టన్నులకు ఎందుకు కుంగుతుంది

గాజువాక, మల్కాపురం, పరవాడ... విశాఖలో ఫ్యాక్టరీల వైపు ఎటు వెళ్ళినా గుండ్రటి ఉక్కు షెల్‌లే (సిలిండర్ ఆకారపు పలచటి గోడలు) కనిపిస్తాయి. రిఫైనరీలో నిలువెత్తు కాలమ్‌లు, అడ్డంగా పడుకోబెట్టిన గ్యాస్ బుల్లెట్లు (గ్యాస్ నిల్వ ట్యాంకులు), ఫార్మా సిటీలో రియాక్టర్లు, హైవే మీద ట్యాంకర్లు. 1966లో మొదలైన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్ పనే ఇలాంటివి తయారు చెయ్యడం. అది బీహెచ్‌ఈఎల్‌లో కలిసిపోయినా ఊళ్ళో ఇంకా బీహెచ్‌పీవీ అనే అంటారు. ఈ షెల్‌లు ఎక్కడ దెబ్బతింటాయో చూస్తే, నున్నగా ఖాళీగా ఉన్న గోడ మధ్యలో పగులు రావడం తక్కువ. నాజిల్ (పైపు కలిసే మూతి) మెడ దగ్గర, లగ్ (వెసెల్‌ని మోసే బ్రాకెట్) అంచు దగ్గర, శాడిల్ (పడుకోబెట్టిన వెసెల్ కూర్చునే ఆధారం) కొమ్ము దగ్గర, ఆఖరికి నిచ్చెన కోసం తగిలించిన చిన్న క్లీట్ వెల్డింగ్ దగ్గర... ఏదో ఒకటి గోడకి అతికించిన చోటే మొదలవుతుంది. డిజైన్ టైమంతా ప్రెషర్ లెక్కకి, డిష్ ఎండ్ (షెల్ చివరని మూసే గిన్నె లాంటి మూత) మందానికి పోతుంది. ఈ అతుకులు మాత్రం చివరి రెండు రోజుల్లో, చాలాసార్లు పాత డ్రాయింగ్‌లోంచి ఎత్తి పెట్టేస్తారు.

లెక్కలోకి దిగితే సంగతి వెంటనే తెలుస్తుంది. వ్యాసార్థం 1000 మి.మీ., గోడ మందం 10 మి.మీ., లోపల ప్రెషర్ 1 మెగాపాస్కల్, అంటే షాపుల్లో అనుకునే "పది కేజీలు". ప్రెషర్‌ని వ్యాసార్థంతో గుణించి మందంతో భాగిస్తే చుట్టూ వచ్చే హూప్ స్ట్రెస్ (గోడలో ఒక్కో చదరపు మిల్లీమీటరు మోసే బలం) 100 మెగాపాస్కల్. పొడవు దిశలో అందులో సగం, 50. ఆ 50 చూడ్డానికి చిన్న అంకెలా ఉంటుంది గానీ, దాని వెనక ఉన్నది డిష్ ఎండ్‌ని బయటికి తోసే సుమారు 320 టన్నుల బలం. అంత బలాన్ని పది మిల్లీమీటర్ల రేకు చెమట పట్టకుండా మోస్తోంది. ఇప్పుడు అదే గోడకి 100 మి.మీ. చదరపు ప్లేటు ముక్క ఒకటి వెల్డ్ చేసి, దాన్ని లోపలికి నిటారుగా రెండు టన్నులతో, అంటే దాదాపు 20 కిలోన్యూటన్లతో నొక్కామనుకుందాం. ఇలాంటి చోట ఒక్కో మిల్లీమీటరు వెడల్పుకి వచ్చే బెండింగ్ మూమెంట్‌ని (గోడని వంచే తిప్పుడుని) మొత్తం లోడ్‌లో ఇంత వంతు అని చార్టుల్లోంచి తీస్తారు. ఆ వంతు 0.1 అనుకుంటే, మూమెంట్‌ని ఆరుతో గుణించి మందం వర్గంతో భాగించాలి, వచ్చేది 120 మెగాపాస్కల్. మూడొందల టన్నులకి 50, రెండు టన్నులకి 120!

ఇంకో మెట్టు ముందుకెళ్దాం. అదే రెండు టన్నుల్ని ఒక్క చోట పెట్టకుండా షెల్ చుట్టూ రింగులాగా సమానంగా పంచితే ఎంత వస్తుంది? చుట్టుకొలత 6283 మి.మీ., కాబట్టి మిల్లీమీటరుకి సుమారు 3.2 న్యూటన్లు. పలచటి షెల్‌కి రింగ్ లోడ్ సూత్రం వేస్తే బెండింగ్ స్ట్రెస్ నాలుగు మెగాపాస్కల్ కూడా దాటదు. బరువు అదే, ఉక్కు అదే, మందం అదే. లోడ్ గోడలోకి ఏ దారిన దిగింది అన్నదొక్కటే మారింది, స్ట్రెస్ ముప్ఫై రెట్లు మారింది. "ఇది ఎన్ని టన్నులు మోస్తుంది" అని అడిగితే సిలిండర్ షెల్ విషయంలో జవాబు ఉండదు, ఎక్కడ, ఎంత వెడల్పున, ఏ దిశలో అని కలిపి అడగాలి.

ఇలా ఎందుకంటే పలచటి గోడకి బలమంతా తన తలంలో సాగడంలోనే ఉంది. లోపలి ప్రెషర్ గోడని అన్ని వైపులా సమంగా నెడుతుంది, గోడ ఎక్కడా వంగక్కర్లేదు, ఊరికే సాగితే చాలు. మందంలో ప్రతి పొరా సమానంగా పని చేస్తుంది. ఒక్క చోట నొక్కినప్పుడు మాత్రం గోడ వంగాలి, వంగేటప్పుడు పైపొర ఒకలా, లోపలి పొర ఇంకోలా లాగబడతాయి, మధ్య పొర దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. ఇంట్లో స్టీలు బియ్యం డబ్బా నిండా బియ్యం పోసినా గోడకి ఏమీ కాదు గానీ, గిన్నె అంచు ఒక్కసారి తగిలితే సొట్ట పడుతుంది, కారణం ఇదే. దీంతో పాటు ఇంకొకటి గమనించాలి: సాగే స్ట్రెస్ మందంతో మామూలుగా తగ్గితే, వంగే స్ట్రెస్ మందం వర్గంతో తగ్గుతుంది. మందం రెట్టింపు చేస్తే హూప్ స్ట్రెస్ సగం అవుతుంది, బెండింగ్ సుమారు పావు వంతుకి పడిపోతుంది. మందం తగ్గినప్పుడూ ఇదే లెక్క తిరగబడుతుంది, విశాఖ లాంటి ఊళ్ళో అసలు తలనొప్పి అదే. దాని సంగతి కిందకి వద్దాం.

ఈ వంపు గోడ మీద ఎంత దూరం పాకుతుంది? వ్యాసార్థాన్ని మందంతో గుణించి వర్గమూలం తీస్తే ఒక కొలత వస్తుంది. మన షెల్‌కి అది సరిగ్గా 100 మి.మీ. రింగ్ లాంటి సమాన లోడ్ అయితే దానికి రెండున్నర రెట్లు, అంటే 250 మి.మీ. దాటేసరికి ప్రభావం నాలుగు శాతానికి పడిపోతుంది. కోడ్ పుస్తకాల్లో (వెసెల్ డిజైన్ నియమాల్లో) రెండు అతుకుల మధ్య ఇంత ఎడం ఉండాలి అన్నప్పుడు ఈ వర్గమూలమే మళ్ళీ మళ్ళీ కనిపించేది ఇందుకే. కానీ దీన్ని గుడ్డిగా నమ్మకూడదు. ఒక్క పక్కనే నొక్కినప్పుడు షెల్ కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది, ఆ ఆకారం మార్పు పొడవు దిశలో అంత తొందరగా చావదు. దాని దూరం వ్యాసార్థాన్ని, వ్యాసార్థం-మందం నిష్పత్తి వర్గమూలంతో గుణించినంత ఉంటుంది. మన షెల్‌కి లెక్కేస్తే 10 మీటర్లు! అంటే గరిష్ఠ స్ట్రెస్ అక్కడికక్కడే తగ్గిపోయినా, గుండ్రతనం చెడటం మాత్రం వెసెల్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పోవచ్చు. దాన్ని ఆపేది డిష్ ఎండ్, లేదా గోడని గట్టిపరచడానికి మధ్యలో వేసిన స్టిఫెనర్ రింగ్.

ఈ లెక్కలకి దారి వేసినవాడు కార్నెల్ యూనివర్సిటీలో పని చేసిన బైలార్డ్. 1950లలో ఆయన లోడ్‌ని ఫూరియే శ్రేణులుగా (ఎన్నో అలల మొత్తంగా) విడగొట్టి, షెల్ సమీకరణాల్లో పెట్టి, చిన్న చదరం మీద పడే లోడ్‌కి గోడలో ఏం జరుగుతుందో బయటికి తీశాడు. 1965లో అమెరికా వెల్డింగ్ రీసెర్చ్ కౌన్సిల్ వాటిని చార్టులుగా చేసి 107వ బులెటిన్‌గా అచ్చు వేసింది. 2010లో అవే చార్టులు సమీకరణాలతో సహా 537వ బులెటిన్‌గా వచ్చాయి. ఈరోజుకీ వెసెల్ సాఫ్ట్‌వేర్‌లో నాజిల్ లోడ్ బటన్ నొక్కితే వెనక తిరిగేది చాలాసార్లు ఇవే గీతలు. చిన్న ముచ్చట: గుండ్రటి నాజిల్‌ని చదరంగా మార్చడానికి వ్యాసార్థాన్ని 0.875తో గుణిస్తారు. వైశాల్యం సమానంగా ఉండాలంటే 0.886 రావాలి, అయినా చార్టు చేసినవాళ్ళు 0.875 దగ్గరే ఆగారు. ఇంజనీర్లు మూడో దశాంశం కోసం కొట్టుకునే చోట ఇది గుర్తుంచుకుంటే మంచిది.

అసలు ఆ బులెటిన్ ఏం చెప్పదో తెలియకపోవడమే ఎక్కువ ప్రమాదం. అది అతుకుని గట్టి దిమ్మెలా చూస్తుంది, నాజిల్ కోసం గోడలో చేసిన రంధ్రాన్ని పట్టించుకోదు. స్ట్రెస్ షెల్‌లో మాత్రమే ఇస్తుంది, నాజిల్ మెడలో ఎంతుందో చెప్పదు. నాజిల్ గోడ షెల్ కన్నా పలచగా ఉంటే ముందు తెగేది అదే కావచ్చు, రిపోర్టులో మాత్రం అన్నీ పాస్ అని ఉంటుంది. నాజిల్ వైపు కూడా చూసే 297వ బులెటిన్ 1984లో వచ్చింది గానీ, దానికీ దాని హద్దులున్నాయి. నాజిల్ వ్యాసం షెల్ వ్యాసంలో సగానికి వచ్చేసిందంటే ఈ పద్ధతులు ఇక చాలవు, ఫైనైట్ ఎలిమెంట్‌కి (గోడని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌లో లెక్కించే పద్ధతికి) వెళ్ళడమే.

నిటారుగా నొక్కే లోడ్ ఒక్కటే కాదు, మూమెంట్లూ వస్తాయి. పైపు పైకీ కిందకీ వంచితే పొడవు దిశ మూమెంట్, పక్కకి తిప్పితే చుట్టు దిశ మూమెంట్. ఒకే సైజు అతుకు మీద ఒకే మూమెంట్ అయితే సాధారణంగా చుట్టు దిశదే ఎక్కువ చేటు చేస్తుంది, ఎందుకంటే గుండ్రటి గోడ ఆ దిశలో వంగడానికి సులువుగా ఒప్పుకుంటుంది. పరవాడ వైపు కనిపించే రకం రియాక్టర్‌ని తీసుకోండి: నిలువు వెసెల్, నాలుగు లగ్‌లు, ఫ్లోర్ బీముల మీద కూర్చుంటుంది. మొత్తం బరువు 12 టన్నులు, లగ్ ఆనుకునే చోటు షెల్ నుంచి 150 మి.మీ. దూరం. కాగితం మీద ఒక్కో లగ్‌కి మూడు టన్నులు, మూమెంట్ సుమారు 4.5 కిలోన్యూటన్-మీటర్లు. కింద నుంచి బీము పైకి తోస్తుంది కాబట్టి లగ్ పై అంచు గోడని లోపలికి నొక్కుతుంది, కింది అంచు బయటికి లాగుతుంది. లగ్ ఎత్తు 300 మి.మీ. అయితే ఒక్కో అంచున ఒకటిన్నర టన్ను. సరే, పర్లేదు. కానీ నాలుగు బీములూ ఒకే మట్టంలో ఉంటాయా? రెండు మిల్లీమీటర్ల తేడా చాలు, ఎదురెదురు లగ్‌లు రెండే బరువంతా తీసుకుంటాయి, మిగతా రెండూ గాల్లో ఉంటాయి. అప్పుడు అంచున మూడు టన్నులు. ఆ ఖాళీలో సరిగ్గా షిమ్ ప్లేటు (సందు నింపే పలచటి రేకు) పెట్టడం ఫిట్టర్ చేసే పది నిమిషాల పని, దాని విలువ మాత్రం గోడలో సగం స్ట్రెస్.

పడుకోబెట్టిన బుల్లెట్ల కథ వేరు. వాటికి శాడిల్స్ ఉంటాయి, లోడ్ కూడా చిన్నది కాదు. మన షెల్‌కే 10 మీటర్ల పొడవు ఇస్తే నీళ్ళతో నింపినప్పుడు నీరే 31 టన్నులు, ఉక్కుతో కలిపి 37 దాకా. ఎల్పీజీ నీటికన్నా సగం బరువే కాబట్టి శాడిల్‌కి జీవితంలో అన్నిటికన్నా కష్టమైన రోజు చాలాసార్లు హైడ్రోటెస్ట్ (నీళ్ళతో నింపి ప్రెషర్ పెట్టి చూసే పరీక్ష) రోజే. 1951లో జిక్ అనే ఇంజనీర్ రెండు శాడిల్స్ మీద ఉన్న సిలిండర్‌కి ఇచ్చిన పద్ధతే ఇప్పటికీ ప్రపంచమంతా నడుస్తోంది. శాడిల్ షెల్‌ని కనీసం 120 డిగ్రీల మేర పట్టుకోవాలన్నది అందరికీ తెలిసిన మాటే, ఆ కౌగిలి ముగిసే చోటే గోడలో వంపు గరిష్ఠంగా ఉంటుందన్నది మాత్రం కాస్త తక్కువ మందికి తెలుసు. దాన్నే శాడిల్ కొమ్ము అంటారు. కొమ్ము కింద గోడ పట్టి ఉంటుంది, పైన స్వేచ్ఛగా ఉంటుంది, ఆ మలుపులో చుట్టు దిశ బెండింగ్ గుమిగూడుతుంది. అందుకే శాడిల్‌కీ షెల్‌కీ మధ్య వేసే వేర్ ప్లేటుని కొమ్ము దాటించి కాస్త పైదాకా తీసుకెళ్తారు. శాడిల్‌ని డిష్ ఎండ్‌కి దగ్గరగా, వ్యాసార్థంలో సగం దూరం లోపలే పెడితే డిష్ ఎండే గోడని గుండ్రంగా పట్టి ఉంచుతుంది, మధ్యకి జరిపితే ఆ సాయం పోతుంది.

రెండుకి బదులు మూడు శాడిల్స్ వేస్తే ఇంకా భద్రం కదా అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మామూలుగా కాదు. రెండు మీద ఉంటే ఏది ఎంత మోస్తుందో ఖచ్చితంగా తెలుస్తుంది. మూడోది వచ్చిందంటే నేల ఎంత కుంగింది అన్నదాని మీద బరువు పంపకం ఆధారపడుతుంది, మధ్యది ఐదు మిల్లీమీటర్లు కుంగితే అది అలంకారం, చివరిది కుంగితే మధ్య శాడిల్ మీద మొయ్యలేనంత బరువు. నేల మెత్తగా ఉన్నచోట ఇది ఊహ కాదు, ఎదురయ్యే సమస్యే.

ప్యాడ్ (అతుకు కింద గోడ మీద వేసే అదనపు ప్లేటు) విషయం కూడా ఇలాంటిదే, వేస్తే మంచిదే గానీ వేశాం కదా అని ఊరుకుంటే కుదరదు. 10 మి.మీ. షెల్ మీద 10 మి.మీ. ప్యాడ్ వేస్తే లగ్ అంచున మందం 20 కింద లెక్కేసి, మనం చూసిన 120ని 30కి దించొచ్చు. ప్యాడ్ అంచుకి రాగానే మందం మళ్ళీ 10. కాబట్టి లెక్క రెండుసార్లు చెయ్యాలి: ఒకటి లగ్ అంచున, రెండోది ప్యాడ్ అంచున, ప్యాడ్ మొత్తాన్నీ ఒకే పెద్ద అతుకుగా చూస్తూ. ప్యాడ్ మరీ చిన్నదైతే సమస్య తీరదు, 50 మి.మీ. పక్కకి జరుగుతుందంతే. మూలలు గుండ్రంగా కొయ్యాలి, వెల్డింగ్ చేసేటప్పుడు లోపల చిక్కిన గాలి పోవడానికి చిన్న వీప్ హోల్ వదలాలి. ఆ రంధ్రాన్ని పెయింట్‌తోనో పుట్టీతోనో మూసేసిన ప్యాడ్‌లు చాలాచోట్ల కనిపిస్తాయి, ఎందుకుందో తెలియక ఎవరో "శుభ్రంగా" చేసేస్తారు.

ఇప్పుడు తుప్పు. సముద్రం పక్కనే ఊరు, ఉప్పుగాలి, ఏడాదిలో ఎక్కువ నెలలు తేమ. నీళ్ళు నిలిచే చోటు ఎక్కడుందో తుప్పు అక్కడ ముందు మొదలవుతుంది; నీళ్ళు నిలిచేది నున్నటి గోడ మీద కాదు, లగ్ పైన ఉండే మూలలో, శాడిల్‌కీ షెల్‌కీ మధ్య సందులో, క్లీట్ చుట్టూ ఇన్సులేషన్ చిరిగిన చోట. అంటే స్ట్రెస్ ఎక్కువ ఉన్న చోట్లూ, తుప్పు ఎక్కువ పట్టే చోట్లూ ఒక్కటే! 10 మి.మీ. గోడ 8కి వచ్చిందనుకుందాం. హూప్ స్ట్రెస్ 100 నుంచి 125 అవుతుంది, పర్లేదు అనిపిస్తుంది. లోకల్ బెండింగ్ మాత్రం 120 నుంచి 187 దాటుతుంది. చార్టులో గుణకం కాస్త మారుతుంది, దాన్ని పక్కన పెడితే రెండూ కలిపి మొత్తం 220 నుంచి 312కి ఎక్కింది. డిజైన్‌లో కరోజన్ అలవెన్స్ (తుప్పుకి వదిలే అదనపు మందం) రెండు మిల్లీమీటర్లు ఇచ్చాం అని ధీమాగా ఉండేవాళ్ళు నాజిల్ లోడ్ లెక్క కొత్త మందంతో చేశారా, అరిగిన మందంతో చేశారా అన్నది ఒకసారి చూసుకోవాలి. తుప్పు చేసే ఇంకో పని మరీ కనిపించనిది. రెండు శాడిల్స్‌లో ఒకటి జరిగేలా సాగుడు రంధ్రాలతో ఉంటుంది, వేడికి వెసెల్ సాగినప్పుడు అది జారాలి. ఆరు మీటర్ల ఎడంలో 50 డిగ్రీలు పెరిగితే సాగేది మూడున్నర మిల్లీమీటర్లు. ఆ జారే ప్లేటు తుప్పుకి అతుక్కుపోతే మూడున్నర మిల్లీమీటర్ల కోపమంతా శాడిల్ కొమ్ము దగ్గర గోడ మీద తీరుతుంది.

మరి 220 వచ్చినా వెసెల్ ఎందుకు నిలబడుతోంది, మామూలు కార్బన్ స్టీలు ప్లేటుకి కోడ్ అనుమతించేది 138 దరిదాపుల్లోనే కదా? ఇక్కడ కోడ్ తెలివిగా ఆలోచిస్తుంది. బరువు, ప్రెషర్ లాంటివి గోడని మొత్తంగా లాగే స్ట్రెస్‌కి ఆ హద్దు కఠినంగా వర్తిస్తుంది. అతుకు దగ్గర లోకల్‌గా వచ్చే సాగుడు స్ట్రెస్‌కి ఒకటిన్నర రెట్లు. అతుకు దగ్గర వంపుని కూడా కలిపితే మూడు రెట్లు దాకా. ఉక్కు అక్కడక్కడా కాస్త లొంగి సర్దుకుంటుంది, ఒకసారి సర్దుకున్నాక తర్వాతి సారి మామూలుగానే పని చేస్తుంది అన్న నమ్మకం మీద ఈ వెసులుబాటు ఇచ్చారు. ఈ వెసులుబాటుకి ఒక షరతు ఉంది: లోడ్ వేల సార్లు వచ్చి పోకూడదు. బ్యాచ్ రియాక్టర్‌లో రోజూ వేడి, చల్లదనం, పైన ఆజిటేటర్ (కలిపే యంత్రం) ఊపు... ఇలాంటి చోట ఫెటీగ్ లెక్క (పదే పదే వచ్చే లోడ్‌కి ఉక్కు అలసి పగలడం లెక్క) విడిగా చెయ్యాల్సిందే. పైపు వేడికి సాగి నాజిల్‌ని తోసే లోడ్ కూడా ఈ కోవలోదే. 10 మీటర్ల పైపు 200 డిగ్రీలు వేడెక్కితే 24 మి.మీ. సాగుతుంది, వంపులు లేని తిన్నని పైపైతే ఆ సాగుడు నాజిల్‌ని అడుగుతుంది. పైపింగ్ వాళ్ళు "మీ నాజిల్ బలహీనం" అంటారు, వెసెల్ వాళ్ళు "మీ పైపు మొండి" అంటారు, నిజం చెప్పాలంటే పైపులో ఒక లూప్ వెయ్యడం నాజిల్ మందం పెంచడం కన్నా దాదాపు ఎప్పుడూ చవక.

ఫైనైట్ ఎలిమెంట్ వచ్చాక ఇదంతా ఎందుకు, రంగుల బొమ్మ చూస్తే సరిపోదా అంటే, ఆ బొమ్మ కూడా మోసం చేస్తుంది. వెల్డింగ్ మూలని పదునుగా మోడల్ చేస్తే మెష్ (ఆ చిన్న ముక్కల వల) ఎంత సన్నగా చేస్తే స్ట్రెస్ అంత పెరుగుతూ పోతుంది, ఆగదు. ఆ ఎర్ర చుక్కని చూసి టెన్షన్ పడి మందం పెంచేవాళ్ళున్నారు, అది లెక్కలో పుట్టిన దయ్యం అని కొట్టేసి పక్కనున్న నిజమైన స్ట్రెస్‌ని వదిలేసేవాళ్ళూ ఉన్నారు. మందం గుండా స్ట్రెస్‌ని తీసి, సాగుడు వాటా ఎంత, వంపు వాటా ఎంత అని విడగొట్టి చూస్తేనే కోడ్ హద్దులతో పోల్చడం కుదురుతుంది. ఇంకో పొరపాటు, టైమ్ ఆదా కోసం వెసెల్‌లో చిన్న ముక్కనే మోడల్ చేసి అంచులు బిగించేయడం. పైన చెప్పిన 10 మీటర్ల సంగతి గుర్తుంటే, ఆ బిగింపు అక్కడ లేని డిష్ ఎండ్‌ని ఉన్నట్టు చేసేస్తుందని అర్థమవుతుంది.

బయటి నుంచి ఒత్తిడి ఉన్న షెల్ సంగతి ఇంకా సున్నితం. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా లాంటి సబ్‌మెరైన్‌కి ప్రతి పది మీటర్ల లోతుకీ ఒక వాతావరణ పీడనం చొప్పున బయటి నుంచి పెరుగుతుంది. లోపలి ప్రెషర్ సొట్టని బయటికి తోసి సరిచెయ్యాలని చూస్తుంది, బయటి ప్రెషర్ దాన్ని ఇంకా లోతు చేస్తుంది. అక్కడ గుండ్రతనం కాస్త చెడినా బక్లింగ్‌కి (గోడ ఒక్కసారిగా లోపలికి కుంగిపోవడానికి) పిలుపే, ప్రెషర్ హల్ చుట్టూ దగ్గర దగ్గరగా రింగ్ ఫ్రేములు ఉండేది అందుకే. డ్రై డాక్‌లో సబ్‌మెరైన్‌ని దిమ్మెల మీద కూర్చోబెట్టేటప్పుడు కూడా బరువు ఆ ఫ్రేముల దారిన దిగేలా చూస్తారు, మధ్య ఖాళీ ప్లేటు మీద పడనివ్వరు.

గాలి గురించి ఒక్క మాట. ప్రమాణాల ప్రకారం విశాఖకి డిజైన్ గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే చదరపు మీటరుకి సుమారు 1.5 కిలోన్యూటన్ల ఒత్తిడి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక ఈ అంకె ఎక్కువ అని ఊళ్ళో ఎవరూ వాదించరు. కాలమ్ అడుగున స్కర్ట్‌కి (దాన్ని నిలబెట్టే గుండ్రటి ఆధారానికి) ఈ గాలి లెక్క అందరూ వేస్తారు. పైన ప్లాట్‌ఫామ్ బ్రాకెట్లకి వెయ్యడం మాత్రం తక్కువ, ప్లాట్‌ఫామ్ గాలికి ఊగినప్పుడు ఆ బ్రాకెట్ గోడని చుట్టు దిశలో తిప్పుతుంది, అదే ఎక్కువ చేటు చేసే దిశ.

ఇక మందం కొలిచే పద్ధతి. వెసెల్ ఇన్‌స్పెక్షన్‌లో అల్ట్రాసోనిక్ గేజ్‌తో చుట్టూ నాలుగు చోట్ల, పొడవునా మూడు నాలుగు వరుసలు తీస్తారు, అన్నీ చెయ్యి సులువుగా అందే నున్నటి గోడ మీద. ఆ కొలతలు ప్రెషర్ లెక్కకి పనికొస్తాయి. లోకల్ లోడ్‌కి కావాల్సిన కొలత లగ్ పై అంచుకి, శాడిల్ కొమ్ముకి, ప్యాడ్ అంచుకి నూరు మిల్లీమీటర్ల లోపల ఉంది. అక్కడ పెయింట్ గీకి, తుప్పు పొరలు కొట్టి, ఉపరితలం చదును చేసి ప్రోబ్ పెట్టాలి. చదును చెయ్యకుండా గుంటల మీద పెడితే రీడింగ్ రాదు, వచ్చినా నమ్మలేం. శాడిల్ కింద బయటి నుంచి ప్రోబ్ దూరదు కాబట్టి వెసెల్ ఖాళీ చేసిన షట్‌డౌన్‌లో లోపలి నుంచి తియ్యాలి, ఆ పాయింట్లని ముందే స్కెచ్ మీద గుర్తు పెట్టి ఇన్‌స్పెక్టర్ చేతికివ్వాలి.